ఉద్యమవార్తలు - ఆంగ్లపదపరిచయము

ఆంగ్లపదములు తెలుగువారి నోటికి వచ్చిన మార్గములను చెప్పునపుడు కచ్చేరి, బడి, రైలు, అంగడి అను వానిని తలచుట పరిపాటి. రాజకీయోద్యమముల వార్తలను ప్రత్యేకమైన యొక మార్గముగ గ్రహించుట అరుదు. బడిలో నేర్చిన పదమునకు అర్థము ముందు, అనుభవము తరువాత. ఉద్యమవార్తలో చదివిన పదమునకు సంఘటనయే ముందు. అర్థమును పాఠకుడు దానినుండి తానే తీసికొనవలెను. ఇట్లు నేర్చిన పదము మూలభాషలోని యర్థముతోనే నిలువదు. ఏ సంఘటనతో వచ్చినదో దాని రంగును పూసికొనును. ఇందులకు ‘బాయికాటు’ అను మాట చక్కని నిదర్శనము.

ఇది మొదట ఒక మనుష్యుని ఇంటిపేరు. ఐర్లండులోని మేయో మండలమున ఎర్ను ప్రభువు భూములకు కెప్టెన్ చార్లెస్ బాయికాట్ ఏజెంటుగ నుండెను. 1880లో కౌలుదార్లు కౌలు తగ్గింపుమని కోరగా అతడు వారిని తొలగింప నోటీసులు పంపెను. ఆ సెప్టెంబరులోనే పార్నెల్ ఎన్నిస్ పట్టణమున ప్రసంగించుచు, తొలగింపబడిన రైతు భూమిని తీసికొన్నవానిని చంపనక్కరలేదనియు, బాటలోను అంగడిలోను వానిని పలుకరింపక విడిచిన చాలుననియు బోధించియుండెను. ఆ బోధ బాయికాటునందు ఆచరణకు వచ్చినది. కూలీలు పొలము విడిచిరి. అంగడివారు సరకు లమ్మరైరి. నవంబరులో అల్‌స్టరు నుండి ఏబదిమంది వచ్చి పంట తీయగా, వారిని కాచుటకు సుమారు వేయిమంది సైనికులును పోలీసులును కావలసివచ్చిరి. ఐదువందల పౌన్ల పంటకు పదివేల పౌన్లు ఖర్చయినదని ఆనాటి లెక్క. డిసెంబరు 1న అతడు ఐర్లండు విడిచిపోయెను. పేరు మాత్రము నిలిచినది.

ఆ పేరు క్రియాపదమైన విధమును జేమ్స్ రెడ్‌పాత్ అను అమెరికా పత్రికారచయిత తెలిపినాడు. వెలివేయుటకు ఆంగ్లమున ‘ఆస్ట్రసైజ్’ అను గ్రీకుమూలపు మాట ఉన్నను అది రైతులకు తెలియదనియు, దానికి బదులు ‘బాయికాట్’ అనవచ్చుననియు ఫాదర్ జాన్ ఓమాలీ అను కతోలిక గురువు సూచించెనట. కథ ఎంతవరకు నిజమైనను, పదము పుట్టినదే పామరుని సౌకర్యము కొరకని అది చెప్పుచున్నది.

పావు శతాబ్దము గడచినపిదప, 1905 ఆగస్టు 7న, కలకత్తా టౌనుహాలులో వంగవిభజనకు ప్రతిగా ఆంగ్లదేశపు సరకులను బాయికాటు చేయవలెనని తీర్మానించిరి. మచిలీపట్టణమున 1902లోనే కృష్ణాపత్రిక వెలసియున్నది. బ్రౌను నిఘంటువులు 1852-53 నాటివి. 1880లో పుట్టిన మాట వాని తొలికూర్పున నుండుట కవకాశమే లేదు. కావున తెలుగు పాఠకునికి దిక్కు పత్రికయే.

1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుడు విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడ, మచిలీపట్టణములలో ఉపన్యసించెను. అతడు మాటలాడినది ఆంగ్లమున. రాజమహేంద్రవరమున చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు దానిని తెలుగున చెప్పిరి. ఆంగ్లము రానివారు వక్త కంఠమున పదముయొక్క ధ్వనిని, అనువాదకుని నోట దాని భావమును వెంటవెంటనే వినగలిగిరి. భాష నేర్పుటకు ఇంతకంటె మంచి తరగతి గది నాకు తోచదు. అయితే ఆ పాఠమునకు వెల గూడ ఉండెను: వందేమాతరము బిళ్లలు ధరించిన కారణమున అచ్చటి ట్రెయినింగు కళాశాల విద్యార్థులు శిక్షింపబడిరి, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు కళాశాలనుండియే తొలగింపబడిరి.

తరువాతి యుద్యమములలో పదములు రెండు త్రోవల నడచినవి. వివరించి చెప్పవలసిన సిద్ధాంతములకు సంస్కృతసమాసములు కల్పించిరి: సహాయనిరాకరణము, శాసనోల్లంఘనము. వీధిలో కంటికి కనబడు పనులకు ఆంగ్లధ్వనినే ఉంచిరి: పికెటింగు, అరెస్టు, లాఠీచార్జి. ఊరేగింపు, నిరాహారదీక్ష ఈ రెండవ నియమమునకు లొంగవు. కాని దేవుని ఊరేగింపును, వ్రతదీక్షయు మనకు ముందే ఉన్నవి గదా. కార్మికుల సమ్మెకు సంబంధించిన పికెటింగు మన పత్రికలలో కల్లుదుకాణమునకును విదేశవస్త్రముల అంగడికిని అంటుకొనినది. 1931 మార్చి 5 నాటి గాంధీ-ఇర్విన్ ఒడంబడిక శాంతియుతమైన పికెటింగును అంగీకరించుటతో ఆ యర్థము మరింత స్థిరపడినది. 1928 ఫిబ్రవరి 3న సైమన్ సంఘము బొంబాయిలో దిగినపుడు ‘గో బ్యాక్’ అను కేక దేశమంతట వ్యాపించినది. ఆంగ్లాజ్ఞార్థకమును అంతవరకు విని పాటించుటకే నేర్చిన సామాన్యుడు దానిని ఎదుటివానిపై ప్రయోగించినది అప్పుడే యనవచ్చును.

బాయికాటు ఈ రెండు త్రోవలలోను నడచినది. ధ్వనిగను నిలిచినది, బహిష్కారముగను మారినది. ఐర్లండు రైతులు చేసిన పనికి తెలుగున ‘వెలి’ యను సొంత మాట ఉండగా మనవారు దాని నేల తీసికొనలేదు? వెలి యనగా కులము తనవానికి, లేక ఊరు బలహీనునికి విధించు శిక్ష. నిప్పు, నీరు, మంగలి, చాకలి లేకుండ చేయుట. స్వదేశోద్యమమునకు ఆ మాట అంటినచో ఉద్యమమే చిన్నబోవునని పత్రికారచయితలు భావించియుందురని నా యూహ. ‘బహిష్కారము’నకును ఆ వాసన లేకపోలేదు; కాని సంస్కృతపదమగుటచే అది కొంత మరుగుపడినది.

మరుగుపడినది తిరిగి బయటపడక మానలేదు. మేయోలో బలహీనులు బలవంతునిపై ప్రయోగించిన యుపాయమును గుంటూరు జిల్లా చుండూరులో బలవంతులు దళితులపై ప్రయోగించిరి. వారికి ఊరిలో పని లేకుండ చేసిరి. ఆ వెలి 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్యగ పరిణమించినది. ఆనాటి వార్తలు చదివిన విద్యార్థికి ‘సోషల్ బాయికాట్’ అను పదబంధమున తోచిన యర్థము, 1907లో గోదావరితీరమున విన్నవానికి తోచిన యర్థమునకు సరిగా విపరీతము. రెండును నిఘంటువులో ఒకే పంక్తిలో నుండును.

షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నివారణ చట్టమును 2015లో సవరించినపుడు సాంఘికముగను ఆర్థికముగను బాయికాటు విధించుటను నేరముల పట్టికలో చేర్చిరి. తెలుగు పత్రికలు దానిని ‘సాంఘిక బహిష్కరణ’ యని వ్రాయుచున్నవి. ఊళ్లలో మాత్రము దానిని నేటికిని వెలి యనియే యందురు.