ఎలక్ట్రో అకౌస్టిక్ గిటార్

బోలు పెట్టె గల మామూలు గిటార్‌కు తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్, ఆ సంకేతాన్ని సరిచేసే ప్రీయాంప్ అమర్చితే అది ఎలక్ట్రో అకౌస్టిక్ గిటార్ అవుతుంది. ఇంట్లో కరెంటు అవసరం లేకుండానే మోగుతుంది. వేదిక మీద కేబుల్ పెడితే స్పీకర్లలో పలుకుతుంది. ఇంటి సాధన, కాలేజీ ఫెస్టు, చర్చి ఆరాధన అన్నిటికీ ఒకే వాద్యంతో సరిపెట్టుకోవాల్సిన వారికి ఇది తగిన గిటార్.

పనిచేసే తీరు

తీగలు ఆనే సన్నని పట్టీని శాడిల్ అంటారు. చాలా గిటార్లలో దాని కిందే పీజో పికప్ ఉంటుంది. కొన్ని స్ఫటికాలపై ఒత్తిడి పడితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌కు చెందిన జాక్, పియర్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. పీజో పికప్‌కు ఆధారం ఆ సూత్రమే. తీగల కదలిక నుంచి పుట్టిన సంకేతాన్ని ప్రీయాంప్ మిక్సర్‌కు పనికొచ్చేలా సరిచేస్తుంది. ప్రీయాంప్ సాధారణంగా 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. బేస్, ట్రెబుల్ నాబ్‌లు, ట్యూనర్ చాలావరకు దానిలోనే ఉంటాయి.

చరిత్ర

గిబ్సన్ సంస్థ 1954లో తెచ్చిన జె-160ఈ గిటార్‌లో అయస్కాంత పికప్ ఉండేది. బీటిల్స్ బృందం వాడడంతో దానికి పేరొచ్చింది. అమెరికాలో హెలికాప్టర్లు తయారుచేసిన చార్లెస్ కామన్ 1966లో ఓవేషన్ గిటార్లు ప్రారంభించాడు. శాడిల్ కింది పీజో పికప్ ఈ గిటార్లతోనే వేదికలపై వాడుకలోకి వచ్చింది. తీగవాద్యానికి కరెంటు జోడించడం తెలుగువారికి కొత్త కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతం పలికించి ప్రపంచాన్ని మెప్పించారు. కచేరీల్లో వీణకు కాంటాక్ట్ మైకు అతికించడమూ మామూలే.

ఇబ్రహీంపట్నం ప్రాంతంలో

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం, హైదరాబాద్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో నాగార్జునసాగర్ దారిలో ఉంది. కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువుకు పేరుపడ్డ ఈ ఊరి చుట్టూ ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలు వెలిశాయి. మంగళ్‌పల్లిలోని సి.వి.ఆర్. కాలేజీ వాటిలో ఒకటి. హాస్టల్ గదిలో నేర్చుకుని కాలేజీ వేదిక ఎక్కే విద్యార్థికి రెండు గిటార్లు కొనే స్తోమత ఉండదు. అందుకే ఎంపికలో జాగ్రత్త అవసరం. ఆన్‌లైన్‌లో తెప్పించే కంటే హైదరాబాద్ వెళ్లి దుకాణంలో చేత్తో పట్టి, వాయించి చూసి కొనడం మేలు.

ఎంపిక

పైపలక: గిటార్ నాదానికి ప్రాణం పైపలక. అది ఏకచెక్క కావచ్చు, పొరలు అతికించిన ప్లై కావచ్చు. సౌండ్ హోల్ అంచును దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. పైన కనిపించే చెక్క చారలు అంచు మందంలోకీ అలాగే దిగితే ఏకచెక్క. అడ్డంగా పొరలు కనిపిస్తే ప్లై. ఏకచెక్క పలక నాదం నిండుగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ తేరుతుంది. ప్లై చవక, ఎండావానలను బాగా తట్టుకుంటుంది. యమహా ఎఫ్‌జీఎక్స్800సీ, ఫెండర్ సీడీ-60ఎస్‌సీఈ ఏకచెక్క స్ప్రూస్ పలకతో వచ్చే మోడళ్లు.

తీగల ఎత్తు: ఉబ్బెత్తు అక్షరాలు లేని మూడు ఏటీఎం కార్డులను ఒకదానిపై ఒకటి పెడితే మందం సుమారు 2.3 మిల్లీమీటర్లు. 12వ ఫ్రెట్ (మెడపై అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర లావు తీగ కింద ఆ మూడూ కాస్త చోటు మిగిలేలా పడితే ఎత్తు సరిగా ఉన్నట్టే. అయిదు కార్డులు సులువుగా పట్టేంత ఎత్తుంటే కొత్తవారి వేళ్లు పుండవుతాయి, సాధన మూలన పడుతుంది.

మెడ: లావు తీగను 1వ, 14వ ఫ్రెట్ల దగ్గర నొక్కి, 7వ ఫ్రెట్ వద్ద చూడాలి. విజిటింగ్ కార్డు మందమంత సందు ఉంటే చాలు. అంతకు మించితే మెడ లోపలి లోహపు కడ్డీని (ట్రస్ రాడ్) సరిచేయించాలి.

పికప్: యాంప్‌కు కలిపి ఆరు తీగలనూ ఒక్కొక్కటిగా మీటాలి. ఒక తీగ గట్టిగా, మరొకటి పీలగా పలికితే శాడిల్ పికప్‌పై సమంగా కూర్చోలేదని అర్థం.

వేదిక మీద

బోలు పెట్టె స్పీకర్ శబ్దాన్ని తిరిగి పట్టుకుంటే కూత వస్తుంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. స్పీకర్ ఎదుట నిలబడకపోవడం, బేస్ తగ్గించడం, సౌండ్ హోల్‌కు రబ్బరు మూత పెట్టడం దీనికి మందు. మిక్సర్ దూరంగా ఉంటే గిటార్‌కూ మిక్సర్‌కూ మధ్య డీఐ బాక్స్ (సంకేతాన్ని పొడవాటి కేబుల్‌కు అనువుగా మార్చే చిన్న పెట్టె) పెడితే రొద తగ్గుతుంది.

సంరక్షణ

గిటార్ చెక్కకు 45 నుంచి 55 శాతం తేమ అనుకూలం. మే నెల ఎండలో చెక్క కుంచించుకుపోతుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. ఎండలో ఆపిన కారులో గిటార్ వదిలేయకూడదు. వాయించాక కేబుల్ తీసేయాలి. అది గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు నాబ్‌ల సంఖ్య చూసి మోసపోకూడదు. మంచి పలక, తిన్నని మెడ ఉన్న మామూలు గిటార్ కొని పికప్ తరువాత పెట్టించుకోవచ్చు. వంకర తిరిగిన మెడను ఏ ప్రీయాంపూ సరిచేయలేదు.