ప్రశ్నని ‘బెగ్’ చేయడమేంటి?

పాత కోడ్ మొత్తం తిరగరాద్దామని మొన్నామధ్య ఓ డిజైన్ డాక్యుమెంట్ రాశాను. నలుగురికి మూడు నెలల పని. అందులో ఓ చోట “దిస్ బెగ్స్ ద క్వశ్చన్” అని మొదలెట్టి, కింద ఓ ప్రశ్న వేశాను. రివ్యూ చేసిన సీనియర్ గారు ‘బెగ్స్’ కొట్టేసి ‘రెయిజెస్’ అని దిద్దారు. నా ఇంగ్లీషు మీదే దెబ్బా! ఇంటికొచ్చి తవ్వడం మొదలెట్టాను.

తీగ లాగితే గ్రీసులో డొంక కదిలింది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అక్కడ వాదన ఓ ఆటలాంటిది. ఒకరు ప్రశ్నలడుగుతారు, రెండోవారు ఔననో కాదనో అంటారు. ఎదుటివాడు ఒప్పుకున్న మాటలతోనే వాణ్ణి ఓడించాలి. మరి నిరూపించాల్సినదాన్నే “ముందు ఇది ఒప్పేసుకో బాబూ” అని అడిగితే? అది తొండి. అరిస్టాటిల్ దాన్ని ‘మొదటి విషయాన్నే అడగడం’ అన్నాడు. లాటిన్‌లో అది ‘పెటీషియో ప్రిన్సిపియై’ అయింది. 16వ శతాబ్దంలో ఇంగ్లీషుకొచ్చేసరికి అడగడం కాస్తా అడుక్కోవడమైంది! ఇక్కడ క్వశ్చన్ అంటే మనం వేసే ప్రశ్న కాదు, వాదంలో ఉన్న విషయం.

మనవాళ్ళూ తక్కువేం కాదు. గౌతముడి న్యాయసూత్రాలు చెప్పే అయిదు హేత్వాభాసల్లో ‘సాధ్యసమం’ ఒకటి. నిరూపించాల్సిన విషయంలాగే చూపిన కారణానికీ రుజువు లేకపోవడమన్నమాట.

కాబట్టి “వాడు నిజాయితీపరుడు, ఎందుకంటే అబద్ధమాడనని వాడే చెప్పాడు” అంటే, అదీ బెగ్గింగ్ ద క్వశ్చన్. “సర్వర్ పడిపోయింది, మరి బ్యాకప్ ఏదీ?” అంటే రెయిజింగ్. ఏమాటకామాటే, ఇప్పుడు డిక్షనరీలు ఈ రెండో అర్థాన్నీ ఇస్తున్నాయి. అయినా మొదటిది చెప్పడానికి ఇంత పొట్టి మాట ఇంకోటి దొరకదు కాబట్టి దాన్ని దానికే ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇదంతా చదివాక నా డాక్యుమెంట్ మళ్ళీ తెరిచాను. ఎందుకు తిరగరాయాలి? కోడ్ బాగోలేదు కాబట్టి. బాగోలేదని ఎలా తెలుసు? తిరగరాయాల్సిన స్థితిలో ఉంది కాబట్టి! పదకొండు పేజీల్లో ఒక్క అంకె లేదు. పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు :)

సీనియర్ గారు దిద్దింది ఒక్క మాటనే. నిజానికి ఆ మాట వాక్యానికి తప్పేగానీ, డాక్యుమెంట్‌కి అతికినట్టు సరిపోయింది. మర్నాడు పొద్దున్నే దాన్ని వెనక్కి తీసుకుని, ముందు బగ్గులు లెక్కపెట్టడం మొదలెట్టాను.