వెనక బండికి అందని బ్రేకు

ట్రైలర్ బ్రేకు సరిగా పట్టడం లేదంటే మెకానిక్కు చెయ్యి ముందు చక్రం మీదికే పోతుంది. డ్రమ్ము విప్పి లైనింగు అరిగిందా, బేరింగు గ్రీజు కారి షూలు తడిశాయా అని చూస్తాడు. అవీ చూడవలసినవే. కానీ లాగుడు బండ్లను ఆపే విద్య చరిత్రలో పెద్ద చిక్కంతా చక్రం దగ్గర రాలేదు, ముందు బండి నుంచి వెనక బండికి శక్తి వెళ్ళే దారిలో వచ్చింది. కరెంటుతో పనిచేసే ట్రైలర్ బ్రేకులో లోపం వెతికేవారు కూడా ఆ దారి నుంచే మొదలుపెట్టాలని నా వాదన.

1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ పేటెంటు పొందిన మొదటి రైలు గాలి బ్రేకులో ఇంజను నుంచి గాలి పంపితేనే పెట్టెలు ఆగేవి. గొట్టం తెగితే బ్రేకు లేనట్టే. 1872 నాటికే ఆయన దాన్ని తిరగేశాడు. గొట్టంలో గాలి నిండి ఉన్నంతసేపూ బ్రేకు వదులుగా ఉంటుంది, గాలి పోతే పడుతుంది. అయినా పాత పద్ధతి చాలాచోట్ల సాగింది. దాని ఫలితం 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర కనిపించింది. పిల్లల విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక నిలిచిపోతే, సిబ్బంది దాన్ని రెండుగా విడదీశారు. ఆ రైలుది ఇంజను పనిచేస్తేనే పట్టే వాక్యూమ్ బ్రేకు. గొట్టం విడిపోగానే వెనక పెట్టెలకు గార్డు పెట్టెలోని చేతి బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్ళే మిగిలాయి. ముందు భాగం కాస్త వెనక్కి జరిగి తగిలేసరికి అవి పల్లానికి దొర్లి, వెనక వస్తున్న మరో రైలును ఢీకొన్నాయి. సుమారు 80 మంది చనిపోయారు, వారిలో ఎందరో పిల్లలు. గొట్టం తెగితే తనంతట తానే పట్టే బ్రేకును ప్రయాణికుల రైళ్ళన్నిటికీ తప్పనిసరి చేస్తూ బ్రిటిష్ పార్లమెంటు అదే ఏడాది చట్టం తెచ్చింది. మూడు నెలల్లో చేయగలిగిన ఆ పనికి అంతమంది ప్రాణాలు పోవలసి రావడం నేటికీ బాధ కలిగించే సంగతి.

ఇంత జరిగాక, 1920ల చివర అమెరికాలో వార్నర్ కంపెనీ వంటివి తెచ్చిన విద్యుత్ ట్రైలర్ బ్రేకు మళ్ళీ పాత సూత్రానికే వెళ్ళింది. కరెంటు అందితేనే డ్రమ్ములోని అయస్కాంతం తిరిగే పళ్ళేనికి అతుక్కుని, మీటను లాగి, షూలను విప్పుతుంది. కరెంటు తగ్గితే పట్టూ తగ్గుతుంది, చప్పుడు చేయకుండా. లెక్క వేసి చూడండి. నాలుగు చక్రాల ట్రైలరులో ఒక్కో అయస్కాంతానికి సుమారు 3.2 ఓమ్‌ల నిరోధం ఉంటే నాలుగూ కలిసి 0.8 ఓమ్‌లు. 12 వోల్టులకు 15 ఆంపియర్లు పారాలి. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు దగ్గర కేవలం 0.2 ఓమ్ చేరితే 12 ఆంపియర్లే పారతాయి, అయస్కాంతాలకు 9.6 వోల్టులే అందుతాయి. లైనింగు కొత్తదే అయినా ఐదో వంతు వోల్టేజీ దారిలోనే పోయింది. పైగా తీగ ఊడదీసి మీటరు పెడితే 12 వోల్టులూ నిండుగా కనిపిస్తాయి. కరెంటు పారనిచోట నష్టం కనబడదు కదా. అందుకే బ్రేకు నొక్కి ఉంచి, ఆంపియర్లు కొలిచి, అయస్కాంతం దగ్గరే వోల్టేజీ చూడాలి.

బండి తెగిపోతే ట్రైలరు మీది బ్యాటరీతో బ్రేకు వేసే స్విచ్చు ఉందిగా, ఆర్మా భయం ఎందుకంటారు. అది తెగిన బండికి మందు, బలహీనపడ్డ బ్రేకుకు కాదు. ఆ బ్యాటరీ కరెంటు వెళ్ళేదీ అవే అయస్కాంతాలకు. మరి గాలి బ్రేకే పెట్టవచ్చుగా అన్న ప్రశ్న న్యాయమైనదే. మామూలు కారుకు కంప్రెసరు ఉండదు. డ్రైవరు తన సీటు నుంచే బరువును బట్టి పట్టును సవరించుకునే వీలు తీగతో సులువుగా వచ్చింది. కనుక ఆ ఎంపికను నేను తప్పుపట్టను. పైగా తెగితే పట్టే బ్రేకు కూడా కారే గొట్టంతో నీరసపడుతుంది. మన రైల్వేల్లో వాక్యూమ్ బ్రేకులు నడిచిన రోజుల్లో ఇంజనులోని మీటరుతో సరిపెట్టుకోక, రైలు చివర గార్డు పెట్టెలోనూ వాక్యూమ్ మీటరు పెట్టింది అందుకే. డ్రైవరు దగ్గర ఎంత ఉందన్నదే కాక, చిట్టచివరి పెట్టెకు ఎంత అందిందన్నదీ గార్డు చూసుకునేవాడు.