నిప్పుకు దారి చూపిన గ్లైడర్లు

మోడల్ రాకెట్ మోటారు మండి ఆగిపోయాక కూడా దానిలో ఒక పని మిగిలే ఉంటుంది. సి6-5 అనే మోటారు పేరులో చివరి అంకె ఆ సంగతే చెబుతుంది: ఇంధనం అయిపోయిన 5 సెకన్లకు లోపలి తుపాకిమందు ముందువైపుకు పేలుతుంది. దాన్నే ఎజెక్షన్ ఛార్జ్ అంటారు. మామూలు రాకెట్లో ఆ వాయువు ముక్కును ఊడగొట్టి పారాచూట్‌ను బయటికి నెడుతుంది. గ్లైడర్ సంగతి వేరు. దాని రెక్కలు బాల్సా చెక్కవో, పలుచని కాగితానివో, థర్మకోల్‌వో. థర్మకోల్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడిపోతుంది.

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం నార్ఫోక్‌లో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్, సోదరుడు రాబర్ట్‌తో కలిసి 1954లో ఈ తరహా తొలి రాకెట్‌ను రూపొందించారు. 1957లో జి. హ్యారీ స్టైన్ వాటి తయారీకి సంస్థ పెట్టారు. వారి రాకెట్లకు మోటార్లు చేసిపెట్టిన వెర్నన్ ఎస్టెస్ తర్వాత సొంత కంపెనీతో ఈ సరదాను ఇంటింటికీ చేర్చారు. పారాచూట్ కాలిపోకుండా, నిప్పంటుకోని పలుచని కాగితాన్ని ఉండలు చుట్టి గొట్టంలో కూరడం అప్పటి ఉపాయం. పేరు వాడింగ్. పారాచూట్‌కు అది చాలింది. రెక్కలకు దానితో ఒరిగేదేమీ లేదు.

జాన్ షుట్జ్, ఎస్టెస్ 1961 నాటి స్పేస్ ప్లేన్‌లో ఇంకో దారి పట్టారు. మోటారు తోకలో ఉంటుంది. ఛార్జ్ పేలగానే మోటారే వెనక్కి ఎగిరిపోతుంది, అంతవరకూ అణిగి ఉన్న రెక్కల వెనక అంచులు పైకి లేస్తాయి, నిట్టనిలువుగా ఎక్కిన రాకెట్ గ్లైడర్‌గా మారుతుంది. తెలివైన ఏర్పాటే. కానీ వేడి గొట్టం ఒకటి ఆకాశం నుంచి విడిగా రాలుతుంది. దానికి రిబ్బన్ లాంటి స్ట్రీమర్ కట్టాలని పోటీల నిబంధనలు తర్వాత పట్టుబట్టాయి.

అసలు మలుపు ల్యారీ రెంగర్ తెచ్చారు. 1960ల తొలిభాగంలో ఆయన చేసిన స్కై స్లాష్‌లో మోటారు ముందుకు వచ్చింది. ఆయనదిగా చెప్పుకునే పాప్ పాడ్ పద్ధతిలో మోటారుకు సొంత గొట్టం, సొంత ముక్కు, సొంత స్ట్రీమర్ ఉంటాయి. అది గ్లైడర్‌కు చిన్న కొక్కెంతో తగులుకుని ఉంటుంది. పేలుడుకు ముక్కు ముందుకు పోతుంది, పాడ్ వెనక్కి జారి కొక్కెం వదిలేస్తుంది. వేడి వాయువంతా పాడ్ లోపలే తన పని ముగించుకుంటుంది. రెక్కకు కవచం తొడగడం కాదు, నిప్పునే రెక్కకు దూరంగా పంపడం! ఈ చరిత్ర మొత్తంలో ఇంతకన్నా అందమైన ఆలోచన లేదు. చిక్కులూ లేకపోలేదు. పాడ్ దారం ఒక్కోసారి గ్లైడర్‌కే చుట్టుకుని రెండూ కలిసి గిరగిరా పడతాయి. పైకెక్కేటప్పుడు మోటారు మంట వెనక ఉన్న బాల్సా కర్రను మాడ్చడమూ ఉంది.

ఏ భాగమూ విడిపోకూడదన్న రాకెట్ గ్లైడర్ పోటీలు సమస్యను మళ్లీ మొదటికి తెచ్చాయి. అక్కడ పాడ్‌ను వదిలేసే వీలు లేదు. అందుకే కొందరు వేడినే పనివాడిగా మార్చుకున్నారు: మోటారు ముందు అడ్డంగా ఒక దారం కడతారు, ఛార్జ్ దాన్ని కాల్చగానే రబ్బరు బ్యాండు రెక్కనో తోకపట్టీనో గ్లైడింగ్ స్థితికి లాగుతుంది. మిగిలిన వాయువు పోవడానికి గొట్టం పక్కన రంధ్రాలు పెడతారు. స్టెఫనీ క్వోలెక్ 1965లో కనిపెట్టిన కెవ్లార్ పారాచూట్ తాళ్లకు గొప్ప రక్షణ ఇచ్చింది. ఇక్కడ మాత్రం కాలిపోయే మామూలు నూలు దారమే కావాలి.

రేడియో కంట్రోల్ వచ్చాక ఛార్జ్ అవసరమే తగ్గింది. తోకపట్టీని నేల మీది మనిషే కదుపుతాడు కాబట్టి ఏరోటెక్ వంటి సంస్థలు ముందువైపు మూసేసిన మోటార్లు అమ్ముతున్నాయి. ఇంక జాగ్రత్త పడాల్సింది వెనక నుంచి వచ్చే మంటతోనే. అందుకే థర్మకోల్ గ్లైడర్ తోక దగ్గర అల్యూమినియం టేపు అంటిస్తారు.