మెలియాయిడోసిస్: రంగం శవపరీక్ష గది నుంచి తురకపాలెం దాకా

1911లో బర్మాలోని రంగూన్ జనరల్ ఆస్పత్రి శవపరీక్ష బల్ల మీదికి నలబై ఏళ్ల మనిషి దేహం వచ్చింది. మార్ఫియా సూదులకు అలవాటు పడ్డవాడు. కోసి చూస్తే ఊపిరితిత్తులు జున్నుగడ్డలా బిగుసుకుపోయి ఉన్నాయి. లోపలి అవయవాల్లో, చర్మం కింద చీముగడ్డలు. క్షయ అనుకుందామంటే క్షయ క్రిములు లేవు. అక్కడి పెథాలజిస్టు కెప్టెన్ ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్‌కు ముందుగా తట్టింది గుర్రాలకు, గాడిదలకు వచ్చే గ్లాండర్స్. ఆ జబ్బు అప్పుడప్పుడు గుర్రపు కాపరులకూ సోకేది. కానీ చనిపోయినవాడికి గుర్రాలతో ఏ సంబంధమూ ఉన్నట్టు తేలలేదు. పైగా చీములోంచి పెంచిన క్రిమి గ్లాండర్స్ క్రిమిలా కదలకుండా పడి ఉండలేదు, చురుగ్గా ఈదింది. పెరగడమూ దానికన్నా వేగంగా పెరిగింది. అలాంటి కేసులు మరికొన్ని రాగానే ఇది కొత్త జబ్బని ఆయనకు నమ్మకం కుదిరింది.

ఆ రంగూన్, తెలుగువాళ్ల నోట రంగం, మనకు పరాయి ఊరేం కాదు. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి ఓడెక్కి రంగం వెళ్లినవాళ్లు అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవులో బరువులు మోస్తున్న రోజులవి. పట్నం జనాభాలో సగానికి పైగా ఇండియా నుంచి వెళ్లినవాళ్లే. విట్‌మోర్ పక్కన పనిచేసిన సి.ఎస్. కృష్ణస్వామిదీ భారతీయుల పేరే. 1912లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఈ జబ్బును లోకానికి మొదట తెలియజేసిన వ్యాసం ఇద్దరి పేర్లతోనూ వెలువడింది. తరవాత పుస్తకాలకెక్కింది మాత్రం ‘విట్‌మోర్ వ్యాధి’. కృష్ణస్వామి అడుగున పడిపోయాడు.

1917 నాటికి రంగూన్‌లో వందకు పైగా కేసులు బయటపడ్డాయి. అక్కడి శవపరీక్షల్లో ప్రతి ఇరవైలో ఇంచుమించు ఒకటి ఈ జబ్బుదే. ఆ ఏడు కృష్ణస్వామి రాసిన వ్యాసం దీన్ని మార్ఫియా సూదులు పొడుచుకునేవాళ్ల రక్తదోషంగా చూసింది. మార్చురీకి వచ్చేవాళ్లలో దిక్కులేనివాళ్లు, మత్తుకు బానిసలైనవాళ్లు ఎక్కువ. బల్ల మీద ఎవరున్నారో వాళ్ల అలవాటే జబ్బుకు కారణంగా కనబడింది. ఈ జబ్బు చరిత్రలో ఇలాంటి పొరపాటు ఇదొక్కటే కాదు.

రంగంలో సూది కనబడితే కౌలాలంపూర్‌లో ఎలక కనబడింది. అక్కడి వైద్య పరిశోధన సంస్థలో 1913లో గినీ పందులు, కుందేళ్లు వరసగా చచ్చిపోయాయి. విలియం ఫ్లెచర్, థామస్ స్టాంటన్ ఆ క్రిమిని విట్‌మోర్ క్రిమితో పోల్చి చూసి రెండూ ఒకటేనని తేల్చారు. 1921లో జబ్బుకు మెలియాయిడోసిస్ అనే పేరు పెట్టిందీ వీళ్లే. 1932లో వాళ్లు వెలువరించిన గ్రంథాన్ని చాలాకాలం ఈ విషయంలో ప్రమాణంగా చూశారు. అయితే ఎలకల వంటి జంతువులే క్రిమికి ఆశ్రయమనీ, వాటి మలమూత్రాలు కలిసిన తిండి వల్లే మనుషులకు వస్తుందనీ వాళ్లు గట్టిగా నమ్మారు. ప్రయోగశాల పంజరంలో మొదలైన పరిశోధన పంజరం దాటి బయటికి చూడడానికి ఏళ్లు పట్టింది.

చూపు నేల మీదికి మళ్లింది ఫ్రెంచివాళ్ల ఇండోచైనాలో. 1937లో వోసెల్ అనే పరిశోధకుడు టోంకిన్ ప్రాంతపు చెరువు నీటిలో ఈ క్రిమి ఉన్నట్టుందని రాశాడు. 1955లో షాంబోన్ మట్టిలోంచి, బురదలోంచి దాన్ని వేరుచేసి చూపించాడు. 1960లలో మలయాలో నేలను, నీటిని ఊరూరా పరీక్షించినప్పుడు ఇంకో సంగతి తేలింది. దట్టమైన అడవిలో క్రిమి అరుదు. అడవి కొట్టి నీరు నిలగట్టిన వరి మళ్లలో అది విరివిగా దొరికింది. అంటే ఎలక, గుర్రం, సూది ఏవీ అక్కర్లేదు. ఇది మట్టిలో పుట్టి మట్టిలోనే బతికే జీవి. మనిషి దాని దారిలోకి వెళితే సోకుతుంది. మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదు.

దీని బతుకు తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. ఎండాకాలంలో నేల లోపలి తడి పొరల్లో ఉంటుంది. వానలు పడి నీటిమట్టం పైకొస్తే దాంతోపాటు పైకి చేరుతుంది. థాయిలాండ్‌లో ఒక ప్రయోగశాల దీన్ని పోషకాలేవీ లేని డిస్టిల్డ్ వాటర్‌లో వదిలేస్తే 16 ఏళ్ల తరవాత కూడా బతికే ఉంది. దమ్ము చేసిన మడిలో చెప్పుల్లేకుండా నిలబడి నాట్లు వేసే మనిషి కాలి పగుళ్లు, తడికి చెడిన వేళ్ల సందులు దీనికి తేలికైన దారి. తుపాను గాలిలో లేచే తుంపర ఊపిరితో లోపలికి పోవచ్చు, తాగే నీటితోనూ పోవచ్చు. 2004 సునామీలో బురద నీరు మింగిన కొందరికి ఊపిరితిత్తుల్లో ఈ జబ్బే తేలింది.

సోకిన వాళ్లందరూ జబ్బు పడరు. పడేవాళ్లలో ఎక్కువ మందికి మూడు వారాల్లోపే బయటపడుతుంది. కొందరిలో ఏళ్ల తరబడి అణిగి ఉంటుంది. ఈ అణిగి ఉండే గుణాన్ని లోకానికి తెలియజేసింది యుద్ధాలు. ఇండోచైనాలో పోరాడిన ఫ్రెంచి సైన్యంలో కనీసం వంద కేసులు వచ్చాయి. వియత్నాంలో పోరాడిన అమెరికన్ సైనికుల్లో 1973 నాటికి 343 నమోదయ్యాయి. హెలికాప్టర్ల దుమ్ము పీల్చిన సిబ్బందికే ఎక్కువగా వస్తోందన్న అనుమానం అప్పుడే పుట్టింది. ఇంటికి చేరిన ఎన్నో ఏళ్లకు జబ్బు పడ్డ మాజీ సైనికులను చూసి అక్కడి పత్రికలు దీన్ని ‘వియత్నాం టైంబాంబు’ అన్నాయి. నిక్కచ్చిగా తేలిన అతి దీర్ఘ విరామం 29 ఏళ్లు. 1970లలో పారిస్ నడిబొడ్డున జార్దాన్ దె ప్లాంత్ జంతుశాలలోనూ ఈ జబ్బుతో జంతువులు చచ్చాయి. అక్కడి నుంచి పేడ ఎరువుతో గుర్రపుశాలలకూ పాకింది. ఆ గొడవ కొన్నేళ్లకు సద్దుమణిగింది.

జబ్బును వైద్యులు నిజంగా పట్టుకున్నది రెండు చోట్ల. ఒకటి థాయిలాండ్ ఈశాన్యాన ఉబోన్ రాచథాని. వరి రైతుల జిల్లా. ఊరి మనుషులకు వచ్చే రక్తవిషాలకు (సెప్సిస్) ఇది పెద్ద కారణమని 1980లలో అక్కడి సప్పసితిప్రసోంగ్ ఆస్పత్రి లెక్కలు చూపించాయి. రోగుల్లో దాదాపు సగం మందికి మధుమేహం ఉండేది. అప్పటిదాకా క్లోరాంఫెనికాల్, డాక్సీసైక్లిన్ వంటి నాలుగు మందులు కలిపి ఇచ్చేవారు. తీవ్రమైన కేసుల్లో నలుగురిలో ముగ్గురు చనిపోయేవారు. 1989లో నికొలస్ వైట్ బృందం లాన్సెట్‌లో అచ్చువేసిన పరీక్షలో సెఫ్టాజిడిమ్ ఇచ్చినవాళ్లలో మరణాలు 74 శాతం నుంచి 37కు తగ్గాయి. ఈ జబ్బు చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు నాకు కనిపించదు. ఇప్పటికీ పద్ధతి దాని మీదే నడుస్తోంది: కనీసం పది పద్నాలుగు రోజులు సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ నరంలోకి, ఆ తరవాత నెలల తరబడి కోట్రైమాక్సజోల్ మాత్రలు. మాత్రలు మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

రెండో చోటు ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్. అక్కడ బార్ట్ కరీ బృందం 1989 అక్టోబరు నుంచి ప్రతి కేసునూ రాసిపెడుతూ వచ్చింది. ముప్ఫై ఏళ్లలో 1,148 కేసులు, 133 మరణాలు. మొదటి అయిదేళ్లలో 31 శాతం ఉన్న మరణాలు చివరి అయిదేళ్లలో 6 శాతానికి దిగాయి. ఉబోన్‌లో వాడేదీ ఇంచుమించు ఇవే మందులు. అయినా థాయ్ ఈశాన్యంలో మరణాలు చాలాకాలం 40 శాతం దగ్గరే ఆగిపోయాయి. తేడా మందుల్లో లేదు. డార్విన్‌లో వానాకాలం నిమోనియా అనగానే డాక్టరు ఈ జబ్బును అనుమానిస్తాడు, ల్యాబు రెండు రోజుల్లో చెబుతుంది, ఐసీయూలో మంచం దొరుకుతుంది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇప్పటిదాకా మనం గీసుకున్న మెలియాయిడోసిస్ పటం అసలు క్రిమి ఉన్న చోట్ల పటం కాదేమో అనిపిస్తుంది. అది ల్యాబులు ఉన్న చోట్ల పటం. దానికి బర్మానే సాక్ష్యం. రంగూన్‌లో అన్ని కేసులు చూసిన ఆ దేశం నుంచి రెండో ప్రపంచ యుద్ధం తరవాత దశాబ్దాల పాటు నివేదికలు దాదాపు ఆగిపోయాయి. క్రిమి ఎక్కడికీ పోలేదు. చూసేవాళ్లు పోయారు. థాయిలాండ్‌లో తొలి కేసు అచ్చయింది 1955లో. ముప్ఫై ఏళ్లకు చూడడం నేర్చుకున్నాక వందల్లో తేలాయి.

మన కథా ఇదే. ఈ జబ్బును మొదట ప్రకటించింది భారతీయ వైద్య పత్రికే అయినా, ఇండియాలో పుట్టిపెరిగిన రోగిలో దీన్ని గుర్తించిన తొలి నివేదిక 1991 నాటిది, బొంబాయిలోని పిల్లవాడిది. తరవాత వెల్లూరు సీఎంసీ వైద్యులు కేసులు పోగుచేశారు. వాళ్లలో ఒకరైన టి. జేకబ్ జాన్ 1996లోనే, మంచుకొండలో కంటికి కనబడేది కొసే, మునిగి ఉన్నది చాలా ఉందేమో అని అడిగారు. ఉడుపి, మణిపాల్ వైపు వానాకాలంలో మధుమేహం ఉన్న రైతుల్లో కేసులు వరసగా దొరికాయి. 2016లో నేచర్ మైక్రోబయాలజీలో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 1,65,000 మందికి ఈ జబ్బు వస్తుంది, 89,000 మంది చనిపోతారు. అందులో 44 శాతం భారం దక్షిణాసియాది. మన దగ్గర నమోదయ్యేవి దాని ముందు లెక్కలోకి రావు.

మిగతావి ఎటు పోతున్నాయి? చాలావరకు క్షయ ఖాతాలోకి. ఎక్స్‌రేలో మచ్చ, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం చూసి కఫంలో ఏమీ దొరక్కపోయినా టీబీ మాత్రలు మొదలుపెడతారు. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష చేసిన చోట కూడా, దీని పోలికలున్న సూడోమోనాస్ రకం క్రిమి ఏదో బయటి నుంచి చేరిందనుకుని రిపోర్టులో పక్కన పెట్టేస్తారు. మన మట్టిలోని క్రిమిని మన దగ్గరకన్నా ముందు అమెరికాలో పట్టుకున్న సందర్భం కూడా ఉంది. 2021లో అక్కడి నాలుగు రాష్ట్రాల్లో ఒక్కొక్కరు ఈ జబ్బు పడ్డారు. ఇద్దరు పోయారు. ఎవరూ మన వైపు ప్రయాణం చేసినవాళ్లు కారు. జన్యు పరీక్ష క్రిమి దక్షిణాసియాదని చెప్పింది. వెతికితే ఇండియాలో తయారైన ఒక సువాసన స్ప్రే సీసాలో దొరికింది. మరుసటి ఏడు మిసిసిపీ తీరపు మట్టిలోనే ఈ క్రిమి ఉన్నట్టు తేలింది. అదీ వెతికాకే.

2025 సెప్టెంబరులో గుంటూరు దగ్గరి తురకపాలెంలో కొద్ది నెలల్లో వరస మరణాలు జరిగాయని వార్తలొచ్చినప్పుడు, మెలియాయిడోసిస్ అనే మాట తెలుగు పత్రికల మొదటి పేజీకి ఎక్కింది. అప్పుడది అనుమానంగానే వచ్చింది. వైద్య బృందాలు ఊరి మనుషుల రక్తం, నీరు, మట్టి నమూనాలు తీసుకెళ్లాయి. ఏం తేలినా, ఊళ్లో ఇంతమంది పోయాక గానీ కల్చర్ పరీక్ష గుర్తుకు రాకపోవడం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. చీము, రక్తం కల్చర్‌కు పంపడం మెడికల్ కాలేజీ దాటి జిల్లా ఆస్పత్రుల్లో ఇప్పటికీ అరుదే.

ఇందుకు ఖరీదైన యంత్రాలు కావాలని కూడా లేదు. వియత్నాంలో ఆస్పత్రి ల్యాబుల వాళ్లకు నేర్పిన పద్ధతిలో ప్రధానమైనవి మూడు యాంటీబయాటిక్ కాగితపు బిళ్లలు. కల్చర్ ప్లేటు మీద జెంటామైసిన్, కోలిస్టిన్ చుట్టూ క్రిమి యథేచ్ఛగా పెరిగి, కో-అమాక్సిక్లావ్ దగ్గర మాత్రం ఆగిపోతే, అది దాదాపు ఎప్పుడూ విట్‌మోర్, కృష్ణస్వామిల క్రిమే. ఆ బిళ్లలు కల్చర్ చేసే ల్యాబులకు కొత్తవేమీ కావు.