సింహళ భిక్షుకవులు, రాజకీయాలు

శ్రీలంకలో సింహళ కవిత్వం, బౌద్ధ సంఘం, రాజ్యాధికారం శతాబ్దాల తరబడి ఒకే నీడన పెరిగాయి. భిక్షువులకు పాళి, సంస్కృత, సింహళ భాషలను వ్యాకరణ ఛందస్సులతో సహా బోధించే ఆరామ పాఠశాల, అంటే పిరివెన, కవిత్వం, సంఘం, అధికారం మూడింటికీ కూడలి.

ఈ సంప్రదాయానికి శిఖరప్రాయుడు 15వ శతాబ్దిలో కోట్టె రాజు ఆరవ పరాక్రమబాహు ఆదరణ పొందిన తొటగమువే శ్రీ రాహుల స్థవిరుడు. విజయబా పిరివెనకు అధిపతి అయిన ఈయన ‘సెలలిహిణి సందేశం’లో ఒక గోరువంక రాజధాని నుంచి కెలణియ చేరి, అక్కడ కొలువైన విభీషణ దేవుణ్ణి రాజపుత్రి ఉలకుడయ దేవికి కొడుకును ప్రసాదించమని వేడుకోవలసి ఉంటుంది. కాళిదాసు మేఘానికి అప్పగించిన విరహ సందేశం ఇక్కడ పక్షి ముక్కున చేరి రాజవంశానికి వారసుణ్ణి కోరే విన్నపమైంది. ఇల్లు విడిచిన భిక్షువు రాజుగారింటి సంతాన చింతను కావ్యవస్తువుగా స్వీకరించాడు.

1815లో కండి రాజ్యం బ్రిటిష్ వారి వశం కావడంతో రాజపోషణ అంతరించింది. తరువాత కొలంబోలోని మాలిగాకందలో విద్యోదయ (1873), ఆ నగరం అంచున పెలియగొడలో విద్యాలంకార (1875) పిరివెనలు వెలిశాయి. ‘వినయం’ అనే థేరవాద సంఘ నియమావళి ప్రకారం చీవరాన్ని (భిక్షువు వస్త్రాన్ని) ఎప్పుడైనా విడిచి గృహస్థు కావచ్చు గనుక, ఊరి పిల్లల్లో కొందరు సంఘంలో చేరి చదువుకొని, ఆపై బయటికి వచ్చేవారు. అలాంటివారిని లోకం ‘హీరళువా’ అని ఈసడించుకున్నా, పద్యం అల్లే నేర్పు, ‘బణ’ అనే ధర్మోపన్యాసంతో రాటుదేలిన గొంతు చీవరంతో పాటు పోయేవి కావు. పత్రికలోనైనా, ఎన్నికల వేదికపైనైనా అవే పెట్టుబడి.

చీవరంలోనే ఉండి స్వాతంత్ర్య కవిత్వం రాసినవారిలో ఎస్. మహింద స్థవిరుడు (మరణం 1951) ప్రసిద్ధుడు. సిక్కింలో పుట్టి బాల్యంలోనే లంకకు వచ్చిన ఈయనను సింహళులు ‘టిబెట్ జాతీయుడు’ అనే వ్యవహరించినా, సింహళ జాతీయ గీతికలకు ఆయన పేరే ముందు గుర్తొస్తుంది. విద్యాలంకారకు భారతదేశంతోనూ బంధం ఉంది: ‘ఓల్గా నుంచి గంగకు’ రచయితగా తెలుగు పాఠకులెరిగిన రాహుల్ సాంకృత్యాయన్ అక్కడే భిక్షువై, తరువాత చీవరం విడిచి రైతు ఉద్యమంలో దిగాడు.

భిక్షువు రాజకీయాల్లో పాల్గొనవచ్చునా అన్న వివాదం 1946లో రాజుకుంది. ఆ ఫిబ్రవరిలో విద్యాలంకార భిక్షువులు పాల్గొనవచ్చునని ప్రకటన వెలువరించగా, డి. ఎస్. సేనానాయక వంటి నాయకులు వ్యతిరేకించారు. దానికి సమాధానంగా వాల్పొల రాహుల అనే భిక్షువు ‘భిక్షువగే ఉరుమయ’ (భిక్షువు వారసత్వం) రాసి, ప్రజాసేవ సంఘానికి చరిత్ర ఇచ్చిన బాధ్యతేనని వాదించాడు. వాదం పాతదే గాని పక్షం మారింది. శ్రీ రాహులుడి కవిత రాజు కోసమైతే, ఈ భిక్షువులలో పలువురు వామపక్షాలకు, సమ్మె కార్మికులకు అండగా నిలిచారు.

1956 ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయిన బండారనాయక విజయానికి భిక్షువుల ప్రచారం ఎంతో తోడ్పడింది. 1959లో ఆయనను కాల్చి చంపినవాడూ భిక్షువే. 2001లో బద్దేగమ సమిత స్థవిరుడు పార్లమెంటుకు ఎన్నికైన తొలి భిక్షువయ్యాడు. 2004లో తొమ్మిదిమంది భిక్షువులు సింహళ జాతీయవాద పక్షం తరఫున ఒక్కసారే సభలో ప్రవేశించారు. ఆ పక్షం పేరు ‘జాతిక హెళ ఉరుమయ’. వామపక్ష భిక్షువులకు దన్నుగా నిలిచిన పుస్తకం పేరులోని ‘ఉరుమయ’ ఇందులోనూ ఉంది.