నిప్పు, నీరు, గుంటక, మందు: పత్తి చేను కలుపు చెప్పే మన చరిత్ర

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మేం చింతూరు, రంప వైపు నుంచి దిగి అమలాపురంలో చదువుకుంటున్న పిల్లలం. ఆగస్టులో ఇంటికెళ్లి వారం ఆలస్యంగా తిరిగొస్తే రాజోలు మిత్రుడు అడిగాడు: "ఏరా, మళ్లీ కలుపేనా? గడ్డిమందు కొట్టేస్తే ఒక పూటలో అయిపోద్ది కదా!" వాడు ఎగతాళికి అనలేదు. వాళ్ల కొబ్బరితోటల్లో, వరిచేలల్లో చూసిందే చెప్పాడు. కానీ ఆ మాటకి మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే కలుపు వెనక మన భూమి చరిత్రే కనిపించింది.

మొదట నిప్పు సంగతి.

పోడు అంటే అడవిని కాల్చడం అని బయటవాళ్లు అంటారు. మన తాతలకు మాత్రం అది కలుపును అదుపులో పెట్టే పద్ధతి కూడా. నరికిన కొమ్మలు ఎండాక కాలిస్తే పైమట్టిలో ఉన్న గడ్డి విత్తనం చాలావరకు మాడిపోతుంది, బూడిద ఎరువవుతుంది. మొదటి ఏడు సామలు, చోళ్లు, కందులు కలిపి చల్లితే కలుపు పెద్దగా ఉండదు. రెండో ఏడు కొంచెం, మూడో ఏడు బాగా వస్తుంది. నేల బలం కూడా తగ్గుతుంది. అప్పుడు ఆ చోటు వదిలేసి ఇంకో చోటికి పోయేవాళ్లు. వదిలిన చోట చెట్లు లేచి, వాటి నీడలో గడ్డి చచ్చేది. అంటే కలుపు తీసే పని సగం నిప్పు చేసేది, మిగతా సగం అడవి నీడ చేసేది. మనిషి నడుము మీద పడే బరువు తక్కువ.

ఈ పద్ధతికి కావాల్సింది ఒక్కటే, వదిలి పోవడానికి ఇంకో చోటు. అదే మన చేతిలోంచి పోయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయింది, పోడు నేరమైంది. 1922లో గాం గంటం దొర, గాం మల్లు దొర లాంటి వాళ్లు అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి పోడు మీద ఆంక్షలు, సరిగ్గా కూలి ఇవ్వకుండా చేయించిన రోడ్డు పనులు పెద్ద కారణాలు. ఇది పాఠాల్లో చదువుకున్నాం. పాఠంలో లేని ముక్క ఏంటంటే, చోటు మారడం ఆగిపోయిన రోజే మన ఆడవాళ్లకు కలుపు పని మొదలైంది. ఒకే చెక్కలో ఏటేటా పంట వేస్తే గడ్డి కూడా ఏటేటా అక్కడే ఉంటుంది.

ఇక కిందికొద్దాం. కోనసీమలో ఈ పని నీరు చేసింది.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించింది ఆర్థర్ కాటన్. (పేరు కాటనే గానీ, ఆయన తెచ్చిన నీళ్లతో ఇక్కడ పెరిగింది పత్తి కాదు, వరి.) గన్నవరం అక్విడక్టు మీదుగా ఆ నీళ్లు రాజోలు వైపు లంకలకూ చేరాయి. దమ్ము చేసి, నాటి, మడిలో నీళ్లు నిలబెడితే చాలా రకాల గడ్డి మొలవలేదు. ఊద, తుంగ మాత్రం మిగిలాయి. వాటినీ తీసింది కూలి ఆడవాళ్లే.

పత్తికి మాత్రం నిలవ నీరు పడదు. అందుకే కోనసీమ పత్తి సీమ కాదు. అయినా బట్టకు పేరు ఉంది. అమలాపురం పక్కనే ఉన్న బండారులంక చేనేత ఊరు. గోదావరి దాటితే నరసాపురం దగ్గర మాధవాయపాలెం. ఈ ఊరి పేరే 'మడపొలం' అని విదేశాల్లో ఒక రకం నూలు బట్టకు పేరైంది. శ్రీకాకుళం వైపు పొందూరు ఖాదీకి ఇప్పటికీ పేరు తెచ్చేది కొండపత్తి. దాన్ని వాలుగ చేప దవడతో ఏకుతారు. నేసిన ఊరి పేరు చరిత్రకెక్కింది. ఆ పత్తి చేలో కలుపు తీసిన చేతుల పేరు ఎక్కడా లేదు.

మూడోది గుంటక.

1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి ఆగిపోయి, ఇంగ్లండు మిల్లుల చూపు మన దేశం మీద పడింది. నల్లరేగడి నేలల్లో పత్తి అమ్మకపు పంటగా పెరిగింది. మన వైపు అది బాగా ఆలస్యంగా వచ్చింది. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాలు ఖమ్మం నుంచి తూర్పు గోదావరిలో కలిశాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయేదాకా ఎనిమిదేళ్లు మన పత్తి చేలు, కోనసీమ కొబ్బరితోటలు ఒకే జిల్లాలో ఉన్నాయి. కానీ ఒకరి చేను సంగతి ఇంకొకరికి తెలియలేదు. రాజోలు మిత్రుడి ప్రశ్నే దానికి సాక్ష్యం.

పత్తి మొక్క మొదట్లో మెల్లగా పెరుగుతుంది. సాలుకీ సాలుకీ మధ్య ఖాళీ ఎక్కువ. అందుకే మొదటి 60 రోజులు కలుపుదే రాజ్యం. ఆ రోజుల్లో వదిలేస్తే దిగుబడి పోయినట్టే. పెద్దలు రెండు వైపులా సాళ్లు వచ్చేలా విత్తి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి గుంటక తోలేవాళ్లు. మొక్క మొదట్లో మిగిలింది చేత్తో తీసేవాళ్లు. అయితే ముసురు పట్టి నేల బురదైతే గుంటక దిగదు. వారం తెరిపి ఇవ్వకపోతే గడ్డి మోకాలెత్తు లేస్తుంది. అందరికీ ఒకేసారి కూలీలు కావాలి. కూలి ఇచ్చే స్తోమత లేని ఇంట్లో బడికెళ్లే ఆడపిల్ల ఆగిపోతుంది. మా చెల్లెళ్లు జూలై, ఆగస్టుల్లో బడికి పోని రోజులు లెక్కపెడితే ఈ మాట అర్థమవుతుంది.

కాబట్టి నాలుగోది, మందు, ఎందుకు వచ్చిందో మాకు తెలుసు. మందు కొట్టేవాళ్లను తప్పుపట్టడానికి ఈ పోస్టు రాయడం లేదు.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అది పురుగు కోసం. గడ్డిమందు తట్టుకునే పత్తికి మన దేశంలో అనుమతి లేదు. దాని కోసం పెట్టిన దరఖాస్తును కంపెనీ 2016లో వెనక్కి తీసుకుంది. ఐనా 2017లో తెలుగు రాష్ట్రాల చేలల్లో ఆ పత్తి బయటపడింది. 2018లో రెండు ప్రభుత్వాలూ గ్లైఫోసేట్ అమ్మకం మీద ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబరులో కేంద్రం, శిక్షణ ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ దాన్ని వాడకూడదని చెప్పింది.

ఊళ్లో జరిగింది వేరు. మా ఊరికి ఒకాయన బిల్లు లేకుండా ప్యాకెట్లు తెచ్చి అమ్మాడు. "గడ్డి చస్తది, పత్తి బతుకుద్ది" అన్నాడు. నిజమే, పత్తి బతికింది. పక్క సాలులో వేసుకున్న కంది మాడిపోయింది, గట్టు మీద బీర తీగ ఎండిపోయింది. బిల్లు లేదు కాబట్టి ఎవర్నీ అడగలేకపోయారు. గ్లైఫోసేట్ పచ్చని మొక్క దేన్నీ చూసి వదలదు. ఆ విత్తనపు పత్తి తప్ప మిగతావన్నీ దానికి కలుపే.

మన అవ్వలకు మాత్రం అన్నీ కలుపు కాదు. కలుపుకి పోయిన అవ్వ సాయంత్రం ఒడిలో తోటకూర, పొన్నగంటి, గంగపాయల, గునుగాకు తెచ్చేది. ఆ పూట కూర అదే. మందు కొట్టిన చేలో ఆ కూర లేదు. ఇప్పుడు సంతలో కొనుక్కుంటున్నాం. కలుపు కూలి మిగిలిందని లెక్క వేసేటప్పుడు ఈ కూర ఖర్చు ఎవరూ లెక్కలో రాయరు.

ఇంకో సంగతి. అమెరికాలో ఈ రకం పత్తి 1990ల నుంచే వేశారు. 2000ల మధ్యకొచ్చేసరికి జార్జియా పత్తి చేలల్లో ఒక గడ్డి ఆ మందుకు చావడం మానేసింది. అది ఏ జాతిదో తెలుసా? మన తోటకూర జాతిదే! చివరికి అక్కడి రైతులు మళ్లీ కూలీలను పెట్టి చేత్తో పీకించారు.

నిప్పు పోయింది, మళ్లీ రాదు. 2006 అటవీ హక్కుల చట్టంతో పట్టా వచ్చినవాళ్లకు ఉన్న చెక్కే దిక్కు. అందుకే ఆ చెక్కను జాగ్రత్తగా చూసుకోవాలి. మేం అడిగేవి నాలుగే:

1. బిల్లు లేని విత్తనం, మందు కొనొద్దని ఇంట్లో చెప్పండి. అనుమతి ఉన్న కలుపు మందులు వేరే ఉన్నాయి. పెండిమిథాలిన్ లాంటివి విత్తిన రెండు రోజుల్లోపే వాడాలి. మోతాదు వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి.

2. మందు కొట్టాల్సి వస్తే మూతికి గుడ్డ, చేతులకు తొడుగు తప్పనిసరి. గాలి ఎటు ఉందో చూసుకోండి. ఖాళీ డబ్బాలో నీళ్లు తాగొద్దు.

3. విత్తిన 20 రోజులకే మొదటి గుంటక పడేలా ఊళ్లో ఎద్దులు, అరకలు వంతుల్లో పెట్టుకోండి. బదులు పని మనకు కొత్త కాదు.

4. సెలవులకు వెళ్లినప్పుడు అవ్వతో చేలోకి వెళ్లండి. ఏది కూర, ఏది మందాకు, ఏది నిజంగా కలుపో అడిగి, మన భాషలో పేరు, తెలుగులో పేరు రాసుకుని ఇక్కడ పెట్టండి.

రాజోలు మిత్రుడికి మొన్న ఇదంతా చెప్పాం. వాడు కాసేపు ఊరుకుని, "మా నాయనమ్మ కూడా వరిగట్టు మీద పొన్నగంటి కోసేదిరా, ఇప్పుడు గట్టుకి కూడా మందే" అన్నాడు. వచ్చే సెలవులకు మా ఊరు వస్తానన్నాడు. రమ్మన్నాం. కలుపు రోజుల్లోనే రమ్మన్నాం.

జై ఆదివాసీ.